బిగ్‌బాయ్ నడుస్తోంది సరే, నిలబడ్డ ఏడింటి మాటేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా ఆవిరి ఇంజను ‘బిగ్‌బాయ్’ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని మా అమ్మాయి ఫోనులో చూపించింది. అక్షరాలు పెద్దవి చేసుకుని రెండుసార్లు చదివాను. రాసినవారు ఇష్టంగా రాశారు, కాదనను. కానీ ఫొటో కింద ‘1941లో ఎలా ఉందో నేటికీ అలాగే’ అని ఒక ముక్క వేశారు. అక్కడే నాకు చిర్రెత్తింది. రైలింజన్ల మీద ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. అందులో మొదటి తొమ్మిదేళ్లు ఫైర్‌మన్‌ని, అంటే పారా బొగ్గూ నావే. రిటైరయ్యాక కూతురి దగ్గరికొచ్చి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఆ ఇంజను అలాగే లేదన్న సంగతి ముందుగా నా ముక్కే పట్టింది.

బిగ్‌బాయ్‌లు ఇప్పుడు ఎనిమిది మిగిలాయి. నడిచేది ఒక్కటే, 4014 నంబరుది. మిగతా ఏడూ కదలకుండా నిలబడ్డాయి. 2021 ఆగస్టులో ఆ 4014 ఫోర్ట్‌వర్త్‌కి వచ్చింది. అల్లుడు పొద్దున్నే అందర్నీ కారెక్కించాడు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది, అయినా ఇసకేస్తే రాలనంత జనం. నాలుగడుగులకొక తెలుగు మాట వినబడుతోంది. ‘ఆవిరి ఇంజను వస్తుంటే కంటికంటే ముందు ముక్కుకి తెలుస్తుందే, బొగ్గు పొగ అలా ఉంటుంది’ అని మనవరాలికి దారి పొడుగునా ఊదరగొట్టాను. ఇంజను వచ్చింది. కూత వినగానే, సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. 68 అంగుళాల డ్రైవింగ్ చక్రాలు, ఒక్కోటి దాదాపు నా అంత ఎత్తు, పక్కకు ఎనిమిది చొప్పున పదహారు. నూనె పూసిన రాడ్లు కింద మీదవుతూ మా ముందు నుంచి వెళ్లాయి. నేను పీల్చిన గాలి మాత్రం గొంతులో అడ్డం పడింది. మనవరాలు ముక్కు చిట్లించి, ‘తాతయ్యా, ఇది రోడ్డు వేసేటప్పుడు వచ్చే వాసన కదా’ అంది.

పిల్ల చెప్పింది నిజం. 4014 ఇప్పుడు బొగ్గు తినడం లేదు, చిక్కటి ఇంధన నూనె తాగుతోంది. 2019లో దాన్ని మళ్లీ నడిపించేముందు ఫైర్‌బాక్సులో, అంటే పొయ్యి గదిలో, బొగ్గు మండే ఇనప కమ్మీల గ్రేటు తీసేసి నూనె పొయ్యి అమర్చారు. ఫైర్‌మన్ కూర్చునే చోటు అదే, పని వేరు. ఆ ఇంజనుకు ఈ మధ్య పీటీసీ కూడా పెట్టారు. అంటే డ్రైవరు సిగ్నలు దాటబోతే తనంతట తాను బ్రేకు వేసే కంప్యూటరు వ్యవస్థ. వెనక సాయంగా డీజిలొకటి తగిలించి తిప్పడం మామూలు. ఇవన్నీ తప్పని నేననడం లేదు. ‘అలాగే ఉంది’ అనడమే తప్పు.

బిగ్‌బాయ్ అసలు ఇంత పెద్దదెందుకయిందో తెలిస్తే పొయ్యి మారడం ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది. యూటాలోని ఆగ్డెన్ నుంచి వయోమింగ్ వైపు వెళ్లే యూనియన్ పసిఫిక్ లైను వాసాచ్ కొండలెక్కుతుంది. ఎక్కుడు 1.14 శాతం. మా డ్రైవర్ల లెక్కలో 88కి ఒకటి, అంటే 88 అడుగులు పోతే ఒక అడుగు ఎత్తు. కారులో వెళ్లేవాడికి అది ఎక్కుడని కూడా తెలియదు, రైలుకి మాత్రం ప్రాణం పోతుంది. బరువైన గూడ్సుకి అక్కడ ఇంకో ఇంజను సాయం పట్టాల్సిందే. సాయం ఇంజనంటే ఇంకో డ్రైవరు, ఇంకో ఫైర్‌మన్, తగిలించడానికి విప్పడానికి గంటలు, అది ఖాళీగా వెనక్కొచ్చేటప్పుడు లైను కూడా దండగ. 3,600 టన్నుల బండిని సాయం లేకుండా ఒక్కటే లాగాలి, దిగాక సాఫు దారిలో వేగంగానూ పరిగెత్తాలి, అలాంటిది కావాలన్నది కంపెనీ కోరిక. మెకానికల్ పరిశోధన చూసే ఆటో జాబెల్‌మన్ అనే ఆయన బృందం, అప్పటికే తిరుగుతున్న ‘ఛాలెంజర్’ తరగతిని పెంచి ఈ 4-8-8-4 నమూనా గీసింది, అంటే ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఎనిమిదేసి డ్రైవింగ్ చక్రాల జట్లు రెండు, వెనక నాలుగు చిన్న చక్రాలు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అందరూ ఆల్కో అంటారు, 1941లో 20, 1944లో 5 తయారుచేసింది. ఒక్కోటి సుమారు 2,65,000 డాలర్లు. ‘వాసాచ్’ అనే పేరే పెడదామనుకున్నారట. ఈలోగా ఆల్కోలో ఎవరో పనివాడు మొదటి ఇంజను ముఖం మీద సుద్దముక్కతో ‘బిగ్‌బాయ్’ అని రాశాడు. కంపెనీ పెద్దలు అనుకున్న పేరు పోయి సుద్దముక్క పేరు మిగిలింది. ఆ మనిషి పేరు ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఎక్కడయినా అంతే.

ఇక పొయ్యి సంగతి. వయోమింగ్‌లో యూనియన్ పసిఫిక్‌కి సొంత గనులుండేవి. ఆ బొగ్గు నాసి రకం, వేడి తక్కువ. తక్కువ వేడి బొగ్గుతో ఎక్కువ ఆవిరి కావాలంటే దారి ఒక్కటే, ఒకేసారి ఎక్కువ బొగ్గు మండించడం. అందుకని గ్రేటు 150 చదరపు అడుగులు పెట్టారు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడుగున్న గది నేలంత విస్తీర్ణం. ఆ నేలంతా ఎర్రగా కణకణలాడుతుంటే ఊహించండి. నేను పార పట్టిన గ్రేటు ఇందులో మూడోవంతుకి కూడా రాదు, దానికే డ్యూటీ దిగేసరికి నడుము నాది కాదనిపించేది. గ్రేటు మీద నిప్పు ఎక్కడ పలచబడితే అక్కడ తెల్లగా మెరుస్తుంది. తర్వాతి పార అక్కడ పడాలి. అటూ ఇటూ పడిందా, పక్కన డ్రైవరు నోటికి పని. 150 చదరపు అడుగుల నేల మీద మనిషి పార పనికిరాదు. ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండిని టెండరంటారు, అందులో 28 టన్నుల బొగ్గు. దాని అడుగున తొట్టిలో మరమేకులా తిరిగే పొడవాటి ఇనప స్క్రూ. చిన్న ఆవిరి యంత్రం ఆ స్క్రూని తిప్పుతుంటే బొగ్గు నలుగుతూ గొట్టం గుండా ముందుకు జరిగి ఫైర్‌బాక్సులోకి పైకొస్తుంది. అక్కడ ఆవిరి జెట్లు దాన్ని నాలుగు మూలలకీ చిమ్ముతాయి. దీన్నే స్టోకరంటారు. ఏ జెట్టు ఎంత విప్పాలో, ఏ మూల నిప్పు చల్లబడుతోందో చూసుకోవడం ఫైర్‌మన్ పని. నడుము పని పోయి కంటి పని వచ్చిందన్నమాట. ఆ ఉద్యోగం చేసినవాళ్లంటే నాకు ఇప్పటికీ కొంచెం కుళ్లు.

నూనె ఎందుకు పెట్టారో ఊహించగలను. పశ్చిమాన ఎండుగడ్డి భూములు, నిప్పురవ్వ ఒక్కటి పడితే మైళ్ల కొద్దీ తగలబడతాయి. దారిలో బొగ్గు నింపే టవర్లు, బూడిద దులిపే గుంటలు ఏనాడో పోయాయి. నూనె అయితే ఎక్కడికంటే అక్కడికి ట్యాంకరు లారీ వచ్చి పోసిపోతుంది. ఇంజను నడవాలంటే అదే తెలివైన పని. తమాషా ఏమిటంటే ఈ ప్రయత్నం కొత్తది కూడా కాదు. 1946లో 4005 నంబరు బిగ్‌బాయ్‌కి నూనె పొయ్యి పెట్టి చూశారు. ఒకే బర్నరుతో అంత పెద్ద ఫైర్‌బాక్సు సమంగా వేడెక్కలేదు. 1948లో మళ్లీ బొగ్గుకే మార్చేశారు. అప్పుడు కుదరనిది ఇప్పుడు కుదిరింది, చేసినవాళ్లకి దండం పెట్టాల్సిందే. కానీ బిగ్‌బాయ్‌ని బిగ్‌బాయ్ చేసిన ఆ గ్రేటు, ఆ స్టోకరు చూడాలంటే మాత్రం 4014 దగ్గరికి వెళ్లి లాభం లేదు. కదలకుండా నిలబడ్డ మిగతా ఏడింటి దగ్గరికి వెళ్లాలి. మీ వ్యాసంలో ఆ ఏడింటికీ కలిపి ఒక్క వాక్యం దక్కింది: ‘మరో ఏడు మ్యూజియాల్లో ఉన్నాయి’ అని. నా అసలు బాధ అదండీ.

ఆ మాటకొచ్చే ముందు ఇంకో రెండు సవరణలు, గబగబా చెప్పేస్తాను. ‘రెండు ఇంజన్లను కలిపి అతికించినది’ అని రాశారు. బాయిలరు ఒక్కటే. దాని కింద సిలిండర్లు, చక్రాల జట్లు రెండు. వెనక జట్టు బాయిలరుకి కదలకుండా బిగించి ఉంటుంది, ముందు జట్టు మడతబందు మీద తలుపులా అటూ ఇటూ తిరుగుతుంది. అందుకే అంత పొడుగున్నా వంపుల్లో పట్టా దిగదు. వంపు తిరిగేటప్పుడు ఎదురుగా నిలబడి చూస్తే బాయిలరు ముక్కు పట్టా దాటి పక్కకి పొడుచుకొస్తుంది, కొత్తవాళ్లకి పడిపోతుందేమోనని గుండె జారుతుంది.

రెండోది, ‘చరిత్రలో అతి పెద్దది, అతి బరువైనది, అతి శక్తిమంతమైనది’ అని మూడు కిరీటాలు ఒకేసారి పెట్టేశారు. ఇంజను, టెండరు కలిపి దాదాపు 133 అడుగుల పొడుగు, 12 లక్షల పౌన్ల బరువు, మాటలా! కానీ పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి ఎస్1 అనే ఒంటరి ఇంజను 140 అడుగులు దాటి ఉండేది, 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టారు, తర్వాత పదేళ్లకి తుక్కు చేశారు. ఒట్టి ఇంజను బరువు చూస్తే చెసపీక్ అండ్ ఒహాయో వారి ‘అలెగెనీ’ల్లో కొన్ని 7,78,000 పౌన్లు తూగాయి, బిగ్‌బాయ్‌లలో బరువైనవి 7,72,250. లాగుడు బలంలో వర్జీనియన్ రైల్వే ‘ట్రిప్లెక్స్’ కాగితం మీద బిగ్‌బాయ్‌ని మించింది. అయితే దానికి ఆవిరి చాలక నడక వేగం దాటేది కాదు, అది వేరే కథ. ‘నేడు నడుస్తున్న ఆవిరి ఇంజన్లన్నిటిలోకీ పెద్దది’ అని రాయండి. ఎవరూ వేలెత్తి చూపలేరు, గొప్పా తగ్గదు.

ఇప్పుడు ఆ ఏడూ. 4004 వయోమింగ్‌లోని షయాన్‌లో ఒక పార్కులో ఉంది. 4005 డెన్వర్‌లోని ఫోర్నీ మ్యూజియంలో. 4006 సెయింట్ లూయిస్ దగ్గర రవాణా మ్యూజియంలో. మొత్తం 25లోకీ ఎక్కువ తిరిగిన ఇంజను అదే, 10,64,625 మైళ్లు. 4012 పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో, స్టీమ్‌టౌన్‌లో. 4017 విస్కాన్సిన్‌లోని గ్రీన్‌బేలో. 4018 మా ఫ్రిస్కోలో. 4023 ఒమాహాలో గుట్ట మీద, హైవే మీద పోయేవాళ్లకి కనబడేలా. 1944లో కట్టిన ఐదింటిలో మిగిలింది ఆ 4023 ఒక్కటే. వీటిలో 4005, 4017 కట్టడాల లోపల ఉన్నాయి. 4004, 4012, 4018, 4023 ఆకాశం కింద ఉన్నాయి. 1959 జూలైలో బిగ్‌బాయ్ ఆఖరి గూడ్సు లాగిన నాటి నుంచి లెక్కేస్తే, అరవై ఏళ్లు దాటిన వానా మంచూ ఎండా.

డెన్వర్‌లో ఉన్న 4005 గురించి ఒక్క మాట. నూనె ప్రయోగం జరిగిన ఇంజను అదేనని చెప్పాను కదా. 1953 ఏప్రిల్‌లో వయోమింగ్ ఎడారిలో 62 బళ్ల గూడ్సుతో 50 మైళ్ల వేగంలో పోతూ పట్టాలు విడిపోయే పాయింట్ల దగ్గర పట్టా తప్పి ఎడమ పక్కకి పడిపోయింది. డ్రైవరు, ఫైర్‌మన్ అక్కడికక్కడే పోయారు, బ్రేక్‌మన్ కాలిన గాయాలతో కొద్దిరోజులకి ఆసుపత్రిలో పోయాడు. కంపెనీ దాన్ని షయాన్ వర్క్‌షాపుకి చేర్చి బాగుచేయించి మళ్లీ పనిలో పెట్టింది. ఇప్పుడు పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. దిగనివ్వండి. ఎడమ పక్క నుంచి చూస్తే మాత్రం నా వరకు నాకు టోపీ తియ్యాలనిపిస్తుంది.

మా ఫ్రిస్కో పేరులోనే రైలుంది. సెయింట్ లూయిస్ - శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేని జనం ముద్దుగా ఫ్రిస్కో అనేవారు, ఆ లైను వల్ల పుట్టిన ఊరు కాబట్టి ఆ పేరే. ఇక్కడ ఇన్ని వేల తెలుగు ఇళ్లున్నాయా, ఈ ముక్క తెలిసినవాళ్లు నాకు పదిమంది కూడా తగల్లేదు. 4018 అరవైల నుంచి డాలస్ ఫెయిర్ పార్కులో ఉండేది. 2013లో సొంత చక్రాల మీదే నెమ్మదిగా లాక్కొచ్చి ఇక్కడి మ్యూజియం ఆఫ్ ది అమెరికన్ రైల్‌రోడ్‌లో పెట్టారు. పక్కనే జీజీ1 తరగతి కరెంటు ఇంజను 4903 ఉంది, 1968లో రాబర్ట్ కెనెడీ భౌతికకాయాన్ని తీసుకెళ్లిన రైలు లాగిన ఇంజన్లలో అదొకటి. ఫోర్ట్‌వర్త్ నుంచి వచ్చిన తర్వాతి వారం మనవరాల్ని తీసుకుని వెళ్లాను. ‘మళ్లీ ఇంజనా’ అంది. ‘బొగ్గు ఎక్కడికి పోతుందో చూపిస్తా పద’ అన్నాను.

వెళ్లి చక్రం మీద అరచెయ్యి పెట్టాను, చురుక్కుమంది. ఎండకి కాలింది. ఇప్పుడు దానికి దక్కే వేడి అదొక్కటే. పిల్లని డ్రైవరు ఉండే కేబు కిందుగా, ఇంజనూ టెండరూ కలిసే చోట వంగోబెట్టి చూపించాను. టెండరు వైపు నుంచి ఇంజను కిందికి దూరే లావుపాటి ఇనప గొట్టం. ‘ఇందులో స్క్రూ తిరుగుతుంది. బొగ్గు ఇటు నుంచి అటు పోతుంది.’ పిల్ల కాసేపు చూసి, ‘మిక్సీ లాగా?’ అంది. ‘ఆఁ, మాంసం కొట్టే మిషను లాగా’ అన్నాను. దానికి అర్థమైంది. ఇంకాస్త వెనక్కి నడిచి టెండరు చక్రాలు లెక్కపెట్టింది, పద్నాలుగు. నేను ఫైర్‌బాక్సు కింద బూడిద తొట్టి అంచు చూస్తుండిపోయాను. తుప్పు పొరలు పొరలుగా, బిస్కట్టులా లేస్తోంది. గోరుతో గీకబోయి మానేశాను. పనిచేసే షెడ్డులో అయితే వైరుబ్రష్షు తెచ్చుకుని కూర్చునేవాణ్ణి. ఎవర్నీ తప్పు పట్టడం లేదు. టిక్కెట్ల మీదా విరాళాల మీదా నడిచే చోట 133 అడుగుల ఇంజనుకి, అలాంటివి ఇంకెన్నిటికో, కప్పు వెయ్యడమంటే మాటలు కాదని తెలుసు. రంగు ఏళ్లకొకసారి వేసినా, వాన నిలిచేది రంగు కనబడని చోట. పలకల మధ్య, బాయిలరు తొడుగు కింద, బూడిద తొట్టిలో.

4014 అంత బాగా ఎందుకు మిగిలిందంటే, 1962 జనవరి నుంచి దక్షిణ కాలిఫోర్నియాలో పొమోనా ఊళ్లో, పొడి వాతావరణంలో ఉంది. పైగా అక్కడి రైల్వే అభిమానుల సంఘం వాళ్లు యాభై ఏళ్ల పాటు తుడిచి, నూనె రాసి, కనిపెట్టుకుని ఉన్నారు. 2013లో యూనియన్ పసిఫిక్ దాన్ని వెనక్కి తీసుకుంటానని, బదులుగా డీజిల్ ఇంజనొకటి ఇచ్చింది. ఆ ఇంజనున్న చోటుకీ మెయిన్ లైనుకీ మధ్య పట్టా లేదు, ఉన్నది కార్ల పార్కింగు స్థలం. ఏం చేశారో తెలుసా? ముక్కలుగా బిగించిన పట్టా ముందు పరిచారు, ఇంజనుని దాని మీద లాగారు, దాటాక వెనక ముక్కల్ని ఎత్తి మళ్లీ ముందు పరిచారు. తాను నడిచే దారిని తానే చుట్టుకుంటూ పరుచుకుంటూ పోయినట్టు. 2014 మే నెలలో షయాన్ చేరింది. పూర్తిగా విప్పి, బాగుచేసి, 2019 మే మొదట్లో సొంత ఆవిరితో కదిపారు. ఆగ్డెన్‌లో కంపెనీదే ఇంకో ఆవిరి ఇంజను 844తో ముక్కూ ముక్కూ ఆనించి నిలబెట్టారు, దేశం ఒక చివర నుంచి రెండో చివరకి రైలు కలిసి 150 ఏళ్లయిన సందర్భం. ఎడ్ డికెన్స్ నాయకత్వంలో ఆ షెడ్డులో పనిచేసినవాళ్లు మామూలువాళ్లు కాదు. 2023 జూన్‌లో నెబ్రాస్కాలో బ్లెయిర్ ఊరి దగ్గర ఒక గూడ్సు లాగలేక ఆగిపోతే ఈ ఎనభై ఏళ్ల ముసలాయనే వెనక నుంచి నెట్టాడు. ఆ వీడియో మా అల్లుడు పంపితే ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇంత మెచ్చుకున్నవాణ్ణి, మీ వ్యాసం చివర ‘మిగతా ఏడింటినీ కూడా ఇలాగే పట్టాలెక్కిస్తే ఎంత బాగుండు’ అన్న మాటకి మాత్రం అడ్డం పడతాను. వద్దండీ. అమెరికాలో ఫెడరల్ నిబంధన ప్రకారం ఆవిరి ఇంజను 1,472 రోజులు పనిచేసినా, లేదా 15 ఏళ్లు గడిచినా, ఏది ముందయితే అప్పటికి బాయిలరు మొత్తం విప్పి లోపలా బయటా తనిఖీ చెయ్యాలి. రేకు మందం ఎక్కడెక్కడ ఎంత మిగిలిందో కొలిచి లెక్క రాయాలి. ఆ నిబంధన ఊరికే రాలేదు. 1995లో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ దగ్గర ఒక పర్యాటక రైలు ఇంజనులో నీరు తగ్గి ఫైర్‌బాక్సు పైకప్పు రేకు దిగబడింది, కేబులో ఉన్న ముగ్గురూ కాలారు. ఆ తర్వాతే 2000లో పాత నిబంధనల్ని తిరగరాశారు. బాయిలరులో నీటిమట్టం చూపే గేజి గ్లాసులో నీటి గీత కనబడకుండా పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక రాత్రి నాకు కనబడలేదు. నీరు నిండిపోయి కనబడలేదా, అడుగంటి కనబడలేదా అని తేల్చుకోవడానికి పట్టింది అరనిమిషం. ఆ అరనిమిషం ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తుంది. ఇంకో బిగ్‌బాయ్‌ని నడపడానికి పెట్టే డబ్బులో ఎన్నో వంతుతో ఆరుబయట ఉన్నవాటికి కప్పులు వెయ్యొచ్చు. పైగా నడిచే ఇంజను అరుగుతుంది. అరిగిన ముక్క తీసేసి కొత్తది పెడతారు, పెట్టక తప్పదు. స్కెనెక్టడీలో 1941లో చేత్తో గుద్దిన నంబర్లు, ఆనాటి కొలతలు, బొగ్గు పొయ్యి ఉన్నదున్నట్టు మిగలాలంటే కొన్ని నిలబడే ఉండాలి.

కాబట్టి నేనడిగేవి. ఫొటో కింది వాక్యం సవరించండి. ఆ ఏడింటి మీద ఒక పేజీ వెయ్యండి, ఏది ఏ ఊళ్లో ఉందో చెబుతూ. అమెరికాలో ఉన్న మీ పాఠకులు ఏదో ఒకదానికి కారులో వెళ్లగలిగిన దూరంలోనే ఉండొచ్చు. వెళ్లినవాళ్లు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లండి, బయట కంచె మీద నుంచి ఫొటో తీసుకుని రావడం కాదు. నేనూ మొదటిసారి అదే చేశాను, మా అమ్మాయి తిట్టింది.

4014 ఈసారి ఎటొచ్చినా, పట్టాకి 25 అడుగుల దూరంలో ఉండమని కంపెనీ చెబుతుంది. ఫోర్ట్‌వర్త్‌లో మనవాళ్లు కొందరు చంటిపిల్లల్ని ఎత్తుకుని కంకర మీద నిలబడ్డారు. ‘అంకుల్, ఇంకా దూరంగానే ఉంది కదా’ అన్నాడో కుర్రాడు. సిలిండరు కింది కుళాయిలు విప్పితే తెల్లటి ఆవిరి పక్కకి ఎంత దూరం కొడుతుందో ఆ కుర్రాడికి తెలియదు. నేను మాట్లాడకుండా పిల్ల చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వెనక్కి నడిచాను. వాళ్లూ నడిచారు.

దీనితో పాటు ఒక ఫొటో పంపుతున్నాను. మా మనవరాలు తీసింది. 4018 కేబు కింద ఆ స్టోకరు గొట్టం, దాని మీద వేలు పెట్టి చూపిస్తున్నది నా చెయ్యి. సవరణ వేసేటప్పుడు 4014 బదులు ఇది వేస్తే సంతోషిస్తాను. కొంచెం వంకరగా వచ్చింది, పొడుగు సరిపోక పిల్ల మునివేళ్ల మీద నిలబడి తీసింది.

ఇట్లు,
ఒక రిటైర్డు ఇంజను డ్రైవరు,
ఫ్రిస్కో, టెక్సాస్